ప్రీసెట్ తిప్పకముందు కొలవండి

(నల్లగొండలో ఎలక్ట్రీషియన్లు, ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసి పెట్టినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు వచ్చి కూర్చోండి. ఇవాళ నేను మాట్లాడేదానికన్నా కొలిచేది ఎక్కువ. మీటర్‌లో అంకె మీకు కనబడకపోతే వచ్చి లాభం లేదు. రండి, ఇంకా ముందుకు.

కరెంటు ఇప్పుడు బాగానే ఉంటోంది కదా, ఇంకా ఇన్వర్టర్లు ఎందుకు అని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. నిజమే. మన జిల్లాలోనే సాగర్ దగ్గర జలవిద్యుత్ కేంద్రం ఉంది, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ వచ్చింది. 2018 జనవరి 1న వ్యవసాయానికి కూడా 24 గంటలూ ఇవ్వడం మొదలుపెట్టారు. కానీ ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి ఒక చెట్టు కొమ్మ తీగ మీద పడిందంటే? లైన్‌మన్ వచ్చి సరిచేసేదాకా ఆ ఊరు చీకట్లోనే కదా. జిరాక్స్ షాపు ఉంది, కుట్టు మిషన్ ఉంది, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న ముసలివాళ్లు ఉన్నారు. అందుకే ఇన్వర్టర్ కావాలి. కొనలేనివాళ్లు కొందరు, నేర్చుకుందామని కొందరు ఇంట్లోనే కట్టుకుంటున్నారు. కట్టుకోవడం మంచిదే. నాకు ఇష్టం కూడా. కాని కట్టుకున్నాక అది చెడిపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి. ఇవాళ దాంట్లో ఒక్క ముక్కే చూద్దాం: వోల్టేజ్‌ను చూసే సర్క్యూట్. సెన్సింగ్ అంటామే, అది.

ఇగో, ఈ బల్ల మీద ఉన్న పెట్టె. మన కుర్రాడు ఒకతను ఇంట్లో కట్టుకున్నది. 12 వోల్టుల బ్యాటరీ, కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే మాస్‌ఫెట్లు, వాటిని నడిపే ఈజీఎస్002 బోర్డు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. పక్కన చిన్న ఆర్డుయినో, అంటే మనం ప్రోగ్రాం రాసి పెట్టే చిప్ బోర్డు. అది బ్యాటరీని చూస్తూ ఉంటుంది, 10.5 వోల్టులకు దిగితే బీప్ కొట్టి ఆపేస్తుంది. పని శుభ్రంగా చేశాడు, వైర్లకు స్లీవులు కూడా వేశాడు. మరి కష్టం ఏమిటి? ఒక ఫ్యాన్, రెండు బల్బులు వేస్తే రాత్రంతా నడుస్తుంది. మిక్సీ వేస్తే బీప్ కొట్టి ఆగిపోతుంది. ఎవరికో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు. కొత్త బ్యాటరీ కొన్నాడు. మళ్లీ అదే. ఇంకొకరికి చూపిస్తే వాళ్లు లోపల ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవర్‌తో విలువ మార్చే చిన్న రెసిస్టర్, తిప్పి ఇచ్చారు. ఆగడం మానేసింది, అందరూ సంతోషం. కొన్ని నెలలకే ఆ కొత్త బ్యాటరీ కూడా కూర్చుంది.

ఎందుకు కూర్చుంది? ఆలోచించండి. చెప్పకండి, ఆలోచించండి. చివరికి మీరే చెబుతారు.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. లోపల ఉన్న చిప్ ఏదైనా సరే, దానికి మీ బ్యాటరీ కనబడదు, మీ 230 వోల్టులూ కనబడవు. దానికి కనబడేది ఒక పిన్ను మీద ఉన్న రెండు మూడు వోల్టులు. అంతే. ఆ రెండు మూడు వోల్టులను చూసి బయట ఎంత ఉందో లెక్క వేసుకుంటుంది. ఆ చిన్న వోల్టేజ్ తప్పయితే చిప్ మంచిదే, ప్రోగ్రాం మంచిదే, మాస్‌ఫెట్లు మంచివే, కాని చేసే పని మొత్తం తప్పు. మిర్యాలగూడ మిల్లు దగ్గర కాటా తప్పు చూపితే బస్తాలో వడ్లు తగ్గినట్టా? తగ్గలేదు కదా. మరి ఇన్వర్టర్ బీప్ కొట్టగానే బ్యాటరీ పోయిందని ఎందుకు అంటున్నాం? కాటాను చూడాలి ముందు.

కాటాను చూడటమంటే ప్రీసెట్ తిప్పడం కాదు. దయచేసి వినండి, ఇవాళ మీరు ఇంకేం గుర్తు పెట్టుకోకపోయినా ఇది గుర్తు పెట్టుకోండి. పెట్టె మూత తీయగానే చెయ్యి స్క్రూడ్రైవర్ మీదకు, స్క్రూడ్రైవర్ ప్రీసెట్ మీదకు పోతుంది. అందరికీ పోతుంది, ఎందుకంటే తిప్పడానికి వీలుగా కనబడేది అదొక్కటే. తిప్పారంటే ఒక తప్పు రెండు తప్పులవుతుంది. అసలు లోపం అట్లనే ఉంటుంది, పైగా మొదట ఎక్కడ పెట్టి ఉందో ఆ జాగా పోతుంది. తిప్పక తప్పదు అనుకుంటే ముందు గోళ్ల రంగుతో ఒక గీత పెట్టండి, ఫోన్‌తో ఫోటో తీయండి. ఆ తర్వాతే ముట్టుకోండి.

మూడు చోట్ల కొలత

ఇప్పుడు కొలుద్దాం. ఈ పెట్టెలో ప్రీసెట్‌ను నేను పాత జాగాకు తెచ్చి పెట్టాను, బ్యాటరీ వేరే మంచిది తగిలించాను. బోర్డు మీద బొమ్మ చూడండి. బ్యాటరీ ప్లస్ నుంచి 33 కే, అంటే 33 వేల ఓముల రెసిస్టర్, దాని కింద ప్రీసెట్‌తో కలిపి మొత్తం 10 కే, అది గ్రౌండ్‌కు. మధ్య నుంచి ఒక వైరు ఆర్డుయినో పిన్నుకు. వోల్టేజ్‌ను ఇట్లా పంచే ఈ జతనే డివైడర్ అంటాం. అంటే 43లో 10 వంతులు పిన్నుకు వస్తాయి. 12 వోల్టులు ఉంటే ఎంత రావాలి? లెక్క వేయండి. 2.79. ఎవరన్నారు? బాగుంది. 10.5 ఉంటే 2.44. ఈ లెక్క ముందు కాగితం మీద రాసుకోవాలి, ఆ తర్వాత మీటర్ పట్టుకోవాలి. ఎంత రావాలో తెలియకుండా కొలిస్తే వచ్చిన అంకెతో ఏం చేస్తారు?

లోడ్ లేకుండా కొలవడం దండగ. ఈ జబ్బు మిక్సీ వేస్తేనే వస్తోంది కదా. అందుకే 100 వాట్ల బల్బులు మూడు పెట్టాను. 300 వాట్లు. బ్యాటరీ వైపు ఎంత కరెంటు? 300ను 12తో భాగిస్తే 25 ఆంపియర్లు, నష్టాలు కలుపుకుంటే 30 దాకా అనుకోండి.

తమ్ముడూ, నువ్వు రా. ఎర్ర ప్రోబు బ్యాటరీ పోల్ మీద పెట్టు. లగ్గు, అంటే వైరు చివర బిగించిన రింగు, దాని మీద కాదు, సీసం పోల్ మీద. నల్లది అవతలి పోల్ మీద. ఎంత? 12.1. మంచిది. ఇప్పుడు అదే కొలత మాస్‌ఫెట్ బోర్డు మీద, వైర్లు బిగించిన దగ్గర. ఎంత? మళ్లీ చూడు, గట్టిగా చదువు. 11.0. అందరూ విన్నారా? బ్యాటరీ దగ్గర 12.1, బోర్డు దగ్గర 11.0. ఇప్పుడు డివైడర్ మధ్యలో. 2.56. 11.0కు రావలసిన లెక్క ఎంత? 2.56. సరిగ్గా అంతే.

అంటే ఏమైంది? డివైడర్ తప్పు చెప్పలేదు. ఆర్డుయినో తప్పు చదవలేదు. అది చూస్తున్న చోట నిజంగానే 11 వోల్టులు ఉన్నాయి. సర్క్యూట్ నిజమే చెబుతోంది, కాని బ్యాటరీ గురించి కాదు, బోర్డు గురించి చెబుతోంది. మధ్యలో 1.1 వోల్టులు ఎక్కడికి పోయాయి?

దాన్ని పట్టుకోవడం సులువు. వోల్టు రేంజ్‌లోనే ఉంచి, ఒకే వైరుకు రెండు చివర్లా రెండు ప్రోబులు పెట్టండి. మంచి జాయింటు అయితే కొన్ని మిల్లీవోల్టులే రావాలి. తమ్ముడూ, ఫ్యూజ్ హోల్డర్‌కు ఇటూ అటూ పెట్టు. 0.6. అదిగో దొంగ. ఇప్పుడు నెగెటివ్ లగ్గు, లగ్గు మీద ఒకటి, వైరు రాగి మీద ఒకటి. 0.4. మిగతాది వైరులో. చాలామంది ప్లస్ వైపు చూసి వదిలేస్తారు. నెగెటివ్ వైపు కూడా కరెంటు అంతే పోతుంది కదా, అక్కడ పోయిన వోల్టు కూడా వోల్టే.

30 ఆంపియర్లు, 1.1 వోల్టులు. గుణించండి. 33 వాట్లు. అది మొత్తం వేడి. ఫ్యూజ్ హోల్డర్ మీద చెయ్యి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడండి, ముట్టుకోకండి. తెలుస్తోందా? ఇక మిక్సీ వేస్తే 50 ఆంపియర్ల దాకా పోతుంది. 1.1 కాస్తా 1.8 అవుతుంది. బ్యాటరీ 11.8 ఉంటే బోర్డుకు 10 కనబడుతుంది. 10.5 దాటి దిగింది కాబట్టి బీప్, కటాఫ్.

ఇప్పుడు చెప్పండి, కొత్త బ్యాటరీ ఎందుకు కూర్చుంది? అవును. ఆ అమ్మాయి చెప్పింది. ప్రీసెట్ తిప్పి, బోర్డు దగ్గర 10 ఉన్నా 11.8 అని నమ్మించారు. అప్పుడు మిక్సీకి ఆగలేదు. కాని రాత్రంతా ఒక్క ఫ్యాన్ మీద నడిచినప్పుడు? కరెంటు తక్కువ, జాయింటులో పోయేది తక్కువ. బోర్డుకు దాదాపు నిజమైన బ్యాటరీ వోల్టేజే అందుతుంది. దానికి ఆ దొంగ లెక్క కూడా కలిసి, బ్యాటరీ 9 దాకా దిగినా 10.5 ఉందనుకుంది. ఆపాల్సినప్పుడు ఆపలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని అంత కిందికి మళ్లీ మళ్లీ దింపితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అది మళ్లీ లేవదు. ఇన్ని వేల రూపాయల బ్యాటరీ ఒక లగ్గు కోసం పోయింది. నాకు ఇది చాలా బాధ. ఎందుకంటే ఇట్లాంటివి వస్తూనే ఉంటాయి.

దీనికి మందు లగ్గు మళ్లీ క్రింప్ చేయడం, ఫ్యూజ్ హోల్డర్ మార్చడం, వైరు లావు చేయడం. దాంతోపాటు సెన్స్ వైరును ప్లస్ వైపు నేరుగా బ్యాటరీ పోల్ నుంచే తేవచ్చు. సన్న వైరు చాలు, అందులో కరెంటు లేనట్టే. కాని పోల్ దగ్గరే అర ఆంపియర్ ఫ్యూజ్ పెట్టండి. అది లేకుండా సన్న వైరు ఎక్కడైనా బాడీకి తగిలిందంటే నిప్పు.

ఇంకో జాగ్రత్త. ప్లస్ బాగుంది కదా అని నెగెటివ్ సెన్స్ వైరు కూడా పోల్ నుంచి తెచ్చి బోర్డు గ్రౌండ్‌కు కలపకండి. ఏమవుతుంది? లావు నెగెటివ్ వైరు ఒక రోజు వదులైతే, ఆ 50 ఆంపియర్లు మొత్తం ఈ సన్న వైరు గుండా పోవాలని చూస్తాయి. వైరు కాలిపోతుంది, దానితో పాటు ఆర్డుయినో. నెగెటివ్ వైపు కూడా కచ్చితంగా కావాలంటే ఆప్-ఆంప్ చిప్‌తో డిఫరెన్షియల్ సర్క్యూట్, అంటే రెండు వైర్ల మధ్య తేడాను మాత్రమే చూసేది, కట్టాలి. ఇంటి ఇన్వర్టర్‌కు అంత అక్కర్లేదు, లావు వైరు చాలు.

డివైడరే తప్పు చెబితే

సరే, ఇందాక మధ్యలో 2.56 సరిగ్గా వచ్చింది. రాకపోతే? బోర్డు దగ్గర 12 ఉండి పిన్ను దగ్గర 2.34 వచ్చిందనుకోండి. చిప్ దాన్ని 10 వోల్టులు అని చదువుతుంది. బ్యాటరీ నిండా ఉన్నా కటాఫ్.

అప్పుడు సెన్సర్‌ను విడిగా తీసి పరీక్షించాలి. బ్యాటరీ పీకేయండి. డివైడర్ పైకొసకు బెంచ్ పవర్ సప్లై ఇవ్వండి. 10, 11, 12, 13, 14 అని ఒక్కొక్కటి పెంచుతూ, మధ్యలో ఎంత వస్తోందో కాగితం మీద రాయండి. రావలసింది 2.33, 2.56, 2.79, 3.02, 3.26. వచ్చిన అంకెలు పక్కన రాయండి. ఇప్పుడు కాగితమే మీతో మాట్లాడుతుంది.

అన్ని అంకెలూ ఒకే నిష్పత్తిలో తక్కువగా ఉన్నాయనుకోండి, రెసిస్టర్ విలువ మారింది లేదా కింది 10 కే పక్కన ఇంకేదో కరెంటు తాగుతోంది. అన్నీ ఒకే పరిమాణంలో తప్పుగా ఉన్నాయి, అంటే 10 దగ్గర 0.1 తేడా, 14 దగ్గర కూడా 0.1 తేడా, అప్పుడు గ్రౌండ్‌లో తేడా ఉంది. కింద సరిగ్గా ఉండి పైకి పోయేకొద్దీ అంకెలు వెనకబడుతున్నాయి, వంగుతున్నాయి, అప్పుడు పిన్నుకు ఎక్కువ వోల్టేజ్ రాకుండా కాపలాగా పెట్టిన జీనర్ డయోడ్‌ను అనుమానించండి. 5.1 జీనర్ 5.1 దగ్గరే ఒక్కసారిగా తెరుచుకోదు. తక్కువ వోల్టుల జీనర్లు అంతకు ముందే కొంచెం కొంచెం లీక్ అవడం మొదలుపెడతాయి. డివైడర్‌లో లావు విలువలు వాడితే ఆ లీకే పెద్ద తప్పు అవుతుంది.

ఇప్పుడు అడుగుతున్నాను. ఈ మూడింట్లో ప్రీసెట్ తిప్పితే సరయ్యేది ఏది? మొదటిది ఒక్కటే. గ్రౌండ్ తేడాను ప్రీసెట్ సరిచేయలేదు, ఒక చోట సరిచేస్తే ఇంకో చోట చెడుతుంది. వంగినదాన్ని అసలే సరిచేయలేదు. ఇక మొదటిదాంట్లో కూడా ఒక మోసం ఉంది. పిన్ను దగ్గర పెట్టిన 104 కెపాసిటర్, అంటే 0.1 మైక్రోఫ్యారడ్‌ది, లీక్ అవుతుంటే, అది 10 కే పక్కన ఇంకో 40 కే పెట్టినట్టు. 10 కే కాస్తా 8 కే అవుతుంది. అప్పుడే ఆ 2.34 వస్తుంది. ప్రీసెట్ తిప్పితే ఇవాళ సరిపోతుంది. కాని లీకు వేడికి మారుతుంది. మే నెలలో నల్లగొండ ఎండకు రేకుల షెడ్డులో పెట్టిన పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పాలా? మధ్యాహ్నం ఒకటి చూపిస్తుంది, రాత్రి ఇంకొకటి చూపిస్తుంది. అందుకే ముందు కెపాసిటర్ ఒక కాలు లేపి మళ్లీ కొలవండి. తర్వాత జీనర్ ఒక కాలు. తర్వాత రెసిస్టర్ ఒక కాలు లేపి ఓమ్స్‌లో కొలవండి. బోర్డులో ఉండగా ఓమ్స్ కొలిస్తే పక్కవాటిని కూడా కలిపి చెబుతుంది.

వానాకాలంలో వస్తే ముందు బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఫ్లక్స్ మరక, దుమ్ము, తేమ మూడూ కలిస్తే అది కూడా ఒక రెసిస్టరే. కడిగి, ఆరబెట్టి, మళ్లీ కొలవండి. దాంతోనే పని అయిపోయిన పెట్టెలు చాలా ఉన్నాయి.

ఇంకొకటి మరిచిపోతారు: చిప్‌కు వచ్చే 5 వోల్టులు. ఆర్డుయినో మామూలుగా ఆ 5 వోల్టులనే కొలబద్దగా పెట్టుకుని మిగతావి చదువుతుంది. ఆ 5 కాస్తా 4.7 అయితే? కొలబద్ద కుదించుకుపోతే ప్రతిదీ పొడుగ్గా కనబడుతుంది. 12 ఉంటే 12.77 అని చదువుతుంది. 10.5 అనుకుని ఆపేసరికి బ్యాటరీ నిజంగా 9.87కు దిగి ఉంటుంది. మళ్లీ బ్యాటరీ బలి. కాబట్టి పిన్ను కొలిచే ముందే 5 వోల్టులు కొలవండి, లోడ్ మీద కొలవండి. కచ్చితంగా కావాలంటే టీఎల్431 అనే చిన్న చిప్‌తో విడిగా రిఫరెన్స్, అంటే మారని కొలబద్ద, పెట్టండి, పైసల్లో పని.

డివైడర్‌ను 330 కే, 100 కే పెట్టి కరెంటు ఆదా చేశామంటారు కొందరు. ఆర్డుయినో ఊనోలో ఉన్న చిప్‌కు దాని ముందు 10 కే లోపు ఉంటేనే సరిగ్గా చదువుతుందని తయారీదారే చెప్పాడు. 33 కే, 10 కే కలిస్తే 7.7 కే, బాగుంది. 330 కే, 100 కే కలిస్తే 77 కే, అంకె గెంతుతూ ఉంటుంది. పిన్ను దగ్గర ఒక 104 పెట్టండి, నిలబడుతుంది.

230 వైపు

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో తప్పు జరిగితే బ్యాటరీ పోతుంది. ఇప్పుడు చెప్పేదాంట్లో జరిగితే టీవీ పోతుంది, మనిషి కూడా పోవచ్చు. ఫోన్లు పక్కన పెట్టండి.

ఈజీఎస్002 బోర్డు ఔట్‌పుట్‌ను ఒక పిన్నులో చూస్తుంది. 230 వోల్టులను చిన్నగా చేసి, డయోడ్ బ్రిడ్జి గుండా పంపి, బయట పెట్టిన ప్రీసెట్‌తో సర్ది ఇస్తాం. అక్కడ శిఖరం 3 వోల్టులు ఉండేలా అది అవుట్‌పుట్‌ను సర్దుకుంటుంది. తక్కువ వస్తే పెంచుతుంది, ఎక్కువ వస్తే తగ్గిస్తుంది. బాగానే ఉంది. మరి ఆ దారిలో పై రెసిస్టర్ తెగిపోతే? పిన్నుకు సున్నా వస్తుంది. చిప్ ఏమనుకుంటుంది? ఔట్‌పుట్ అసలే లేదు, పెంచాలి, పెంచాలి అనుకుంటుంది. పూర్తిగా తెరిచేస్తుంది. మన ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 7 వోల్టులకు చుట్టి ఉంటే, బ్యాటరీ 12.8 ఉంటే, ఔట్‌పుట్ దాదాపు 290, 300 దాకా పోతుంది. కొద్ది సెకన్ల తర్వాత చిప్ తనే ఆపేస్తుంది, లైటు నాలుగు సార్లు మిణుకుమంటుంది. నాలుగు మిణుకులు అంటే పుస్తకం ప్రకారం ఏమిటి? వోల్టేజ్ తక్కువ. మూడు అయితే ఎక్కువ, రెండు అయితే ఓవర్ లోడ్, అయిదు అయితే వేడి.

చూశారా? ఔట్‌పుట్ 300 పోయింది, లైటు తక్కువ అని చెప్పింది. అబద్ధం చెప్పలేదు, దానికి కనబడింది అదే. ఆ నాలుగు మిణుకులు చూసి తక్కువ ఉందట అని ప్రీసెట్ పెంచేవాళ్లను ఏమనాలి? చిప్ తక్కువ అంటే బయట తక్కువ అని కాదు, పిన్ను దగ్గర తక్కువ అని. ముందు బయట మీటర్ పెట్టండి. ఫ్యాన్, టీవీ ఏవీ పెట్టకుండా, పాత 100 వాట్ల బల్బులు రెండు సిరీస్‌లో పెట్టి చూడండి. 300 వచ్చినా అవి తట్టుకుంటాయి.

రెసిస్టర్ ఎందుకు తెగుతుంది? 230 అంటే శిఖరం 325 వోల్టులు. మామూలు పావు వాట్ కార్బన్ రెసిస్టర్‌ను సాధారణంగా 250 వోల్టుల వరకే వాడమంటారు. వాట్లు సరిపోయాయి కదా అని ఒకటే 1 మెగ్ పెడతారు, వోల్టులు చూడరు. మొదట్లో నడుస్తుంది. నెమ్మదిగా విలువ పెరుగుతుంది, ఒక రోజు తెగుతుంది. ఒకటి పెట్టే చోట 330 కే మూడు సిరీస్‌లో పెట్టండి. వోల్టేజ్ మూడింటి మీద పంచుకుంటుంది. ఖర్చెంత? ఒక చాయ్ డబ్బులు కూడా కాదు.

ఈ దారిని కూడా విడిగా పరీక్షించవచ్చు. ఇన్వర్టర్ ఆపి, ఔట్‌పుట్‌ను చిన్నగా చేసి పిన్నుకు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్‌ను ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, బోర్డు పిన్ను నుంచి విడదీసి, దానికి మాత్రమే, గ్రిడ్‌తో నేరుగా కలవకుండా చేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజ్ పెంచి తగ్గించే వేరియాక్ మీదుగా 200, 210, 220, 230 ఇచ్చి అవతల ఎంత వస్తోందో రాయండి. మళ్లీ అదే కాగితం, అదే పద్ధతి. ఐసొలేషన్ లేకుండా చేయకండి. విద్యార్థులు ఒంటరిగా అసలే చేయకండి, పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి.

ఇప్పుడు మీటర్ సంగతి. చాలామంది దగ్గర ఉండేది తక్కువ ధర మీటర్. అది సైన్ వేవ్‌కే సరిగ్గా చెబుతుంది. లోపల సగటు కొలిచి, 1.11తో గుణించి చూపిస్తుంది. మన ఇళ్లలో కట్టే ఇన్వర్టర్లు చాలా వరకు మెట్లు మెట్లుగా వచ్చే తరంగం ఇస్తాయి. 325 వోల్టుల మెట్టు సగం సమయం ఉంటే అసలు విలువ, అంటే ఆర్ఎమ్ఎస్, 230. అది కరెక్టు. కాని ఈ మీటర్ ఎంత చూపిస్తుంది? సగటు 162, దాన్ని 1.11తో గుణిస్తే 180. అయ్యో 180 ఉంది అని ప్రీసెట్ తిప్పి మీటర్‌లో 230 వచ్చేదాకా పెంచుతారు. అప్పుడు నిజంగా ఎంత అవుతుంది? దాదాపు 260. ఆ ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఛార్జర్లు ఒకటొకటిగా పోతుంటే కరెంటు వాళ్లను తిడతారు. ట్రూ ఆర్ఎమ్ఎస్ అని రాసి ఉన్న మీటర్ వాడండి. లేకపోతే ఒక పాత ఫిలమెంట్ బల్బును గ్రిడ్ కరెంటు మీద, ఇంకొకటి అలాంటిదే ఇన్వర్టర్ మీద పక్కపక్కన పెట్టి వెలుతురు పోల్చండి. బల్బు వెలుగు అసలు విలువనే చూపిస్తుంది, మీటర్ లాగా మోసపోదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ఒక తమ్ముడు ఏసీ వోల్టేజ్‌ను కొలిచే జెడ్ఎంపీటీ101బీ మాడ్యూల్ గురించి అడుగుతున్నాడు. ఏమీ ఇవ్వకపోయినా అంకె వస్తోంది, 230 ఇస్తే తక్కువ చూపిస్తోంది అంటున్నాడు. ఏమీ ఇవ్వనప్పుడు దాని అవుట్‌పుట్ సప్లైలో సగం దగ్గర నిలబడి ఉంటుంది, అది లోపం కాదు. దాని మీద వచ్చే ఊగిసలాటనే లెక్క పెట్టాలి, సగటును తీసేయాలి. ఇక తక్కువ చూపించడం సంగతి. మాడ్యూల్‌లో ఉన్న ఎల్ఎమ్358 అనే ఆప్-ఆంప్ చిప్ ఔట్‌పుట్ సప్లై దాకా లేవలేదు, దాదాపు ఒకటిన్నర వోల్టు ముందే ఆగిపోతుంది. 5 వోల్టులు ఇస్తే పైన 3.5 దగ్గర తల కొట్టేస్తుంది. నువ్వు దాని మీద ఉన్న ప్రీసెట్‌ను పెంచేకొద్దీ తల ఎక్కువ తెగుతుంది, అంకె పెరగదు. తరంగం ఆకారం చూపించే స్కోపు మీద చూడు, పైభాగం చదునుగా ఉంటుంది. ప్రీసెట్ తగ్గించు, తరంగం గుండ్రంగా వచ్చేదాకా, తర్వాత ప్రోగ్రాంలో గుణకం సరిచేయి. చూడు, ఇక్కడ కూడా పెంచడం కాదు, తగ్గించడం మందు.

బ్యాటరీలో బోరు నీళ్లు పోయవచ్చా అంటున్నారు అన్న. వద్దన్నా, అస్సలు వద్దు. మన జిల్లా నీళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? ఫ్లోరైడ్‌తో ఎన్ని ఊళ్లు కష్టపడ్డాయో మనందరికీ తెలుసు. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, నీళ్లలో ఉండే ఉప్పులు ఏవైనా ప్లేట్లను పాడు చేస్తాయి, బ్యాటరీ ఊరికే ఉన్నా దిగిపోతుంటుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి.

ఇంకో తమ్ముడు. బెంచ్ పవర్ సప్లై లేదు, మీటర్ ఒక్కటే ఉంది, ఎట్లా పరీక్షించాలి అంటున్నాడు. మంచి ప్రశ్న. టార్చి సెల్లు తీసుకో. ఒక్కోటి 1.5. సిరీస్‌లో ఆరు పెడితే 9, ఏడు పెడితే 10.5, ఎనిమిదికి 12, తొమ్మిదికి 13.5. కొత్త సెల్లు కొంచెం ఎక్కువే చూపిస్తాయి, పర్వాలేదు. సెల్లు ఎంత ఇస్తున్నాయో కూడా అదే మీటర్‌తో అప్పుడే కొలుస్తావు కాబట్టి నీకు కావలసింది నిష్పత్తి మాత్రమే. ఇదిగో, ఏడు సెల్లు, కాగితం, ఈ పెట్టె. నువ్వే ముందు రా తమ్ముడూ. ఎంత రావాలో మొదట కాగితం మీద రాయి.